ఒక గోలీ, రెండు వైరస్‌లు



తెల్లాపూర్‌లో పొద్దున ఐదున్నరకి రోడ్డు మీదికి వస్తే రెండు రకాల బండ్లు ఎదురవుతాయి. రాత్రి షిఫ్ట్ ముగించుకున్నవాళ్ళని అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర దింపి పోయే క్యాబులు ఒక రకం. పాశమైలారం, బొల్లారం, ఖాజీపల్లి వైపు మొదటి షిఫ్ట్ వాళ్ళని ఎక్కించుకుపోయే కంపెనీ బస్సులు ఇంకో రకం. ఆ రెండో రకం బస్సులో కిటికీ పక్క సీటు కోసం నేను ఇరవై రెండేళ్ళు పోట్లాడాను. బల్క్ డ్రగ్ కంపెనీలో కెమిస్ట్‌ని, క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో పని. డాక్టర్ని కాను. ఆ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది. నేను చెప్పబోయేదంతా మందు తయారయ్యే వైపు నుంచి చూసిన సంగతి.

మా ల్యాబ్‌కి వచ్చే తెల్లపొడుల్లో లామివుడిన్ ఒకటి, టెనోఫోవిర్ ఒకటి. శాంపిల్ వస్తుంది, కరిగిస్తాం, హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో ఎక్కిస్తాం, శుద్ధత లెక్కేసి సంతకం పెడతాం. డ్రమ్ములు లారీ ఎక్కుతాయి. హెచ్‌ఐవి మందులని తెలుసు, అంతే. అవి ఎవరి కడుపులోకి పోతాయో, పోయి ఏం చేస్తాయో ఆలోచించే తీరిక ఎవరికీ ఉండేది కాదు. నాకు ఆ ఆలోచన పుట్టించింది ఒక లారీ డ్రైవర్.

ఊరు, కొన్ని వివరాలు మార్చి చెబుతున్నాను. నారాయణఖేడ్ వైపు మనిషి. ఇస్నాపూర్ చౌరస్తాలో ఇద్దరం ఒకే హోటల్లో చాయ్ తాగేవాళ్ళం. తనకి హెచ్‌ఐవి ఉందనీ, ఏళ్ళుగా ప్రభుత్వ ఏఆర్‌టి కేంద్రంలో ఇచ్చే గోలీ వేసుకుంటున్నాననీ ఒకరోజు తనే చెప్పాడు. నేను అలాంటి మందులు పరీక్షించే మనిషినని తెలిశాక నాతో చెప్పుకోవచ్చనిపించినట్టుంది. తర్వాత మూడు నెలలు కనిపించలేదు. కనిపించిన రోజు కళ్ళు పసుపు ముద్దలు.

"కామెర్లయినయి సార్. మా ఊర్ల పసరు పోసిండ్రు, చేతికి వాత గూడ పెట్టిండ్రు. తగ్గలే."

"మరి గోలీలు వేసుకుంటున్నవా?"

"మా బాపుకు పానం బాగలేకుంటే ఊరికి పోయిన సార్. తెచ్చుకున్నయి అయిపోయినయి. గాడ ఎవర్నన్న అడిగితే ఊరంత తెలుస్తది గద. రెండు నెల్లు ఏస్కోలే."

గోలీ మానేస్తే హెచ్‌ఐవి పెరుగుతుందని అతనికి తెలుసు. దానికి నెలలో ఏళ్ళో పడుతుందిలే, తిరిగొచ్చి మొదలుపెట్టుకుంటాననుకున్నాడు. కామెర్లు వేరే జబ్బనుకున్నాడు. నిజం చెప్పాలంటే నేనూ అలాగే అనుకున్నాను. ఆసుపత్రిలో చేరాక పాత ఫైలు తిరగేస్తే అందులో ఎప్పుడో రాసి ఉంది: హెచ్‌బీఎస్ యాంటిజెన్ పాజిటివ్. అంటే హెపటైటిస్ బి. కాలేయంలో కూర్చునే వైరస్. హెచ్‌ఐవి కోసమని వేసుకుంటున్న గోలీయే ఇన్నాళ్ళూ దాన్నీ తొక్కిపెట్టి ఉంచింది. గోలీ ఆగింది, కాలేయంలోది లేచింది. మళ్ళీ మందు మొదలుపెట్టారు, అదృష్టం బాగుండి నిలబడ్డాడు. ఇలా మందు ఆపగానే హెపటైటిస్ బి ఒక్కసారిగా విజృంభించడాన్ని డాక్టర్లు ఫ్లేర్ అంటారు. నిలబడనివాళ్ళూ ఉంటారు.

ఒకే గోలీ రెండు వేరువేరు వైరస్‌లని ఎలా పట్టుకుంది? ఒకటి రక్తంలోని తెల్లకణాల్లో ఉండేది, ఇంకొకటి కాలేయంలో ఉండేది. ఒకదానిలో జన్యుపదార్థం ఆర్‌ఎన్‌ఏ, ఇంకొకదానిలో డీఎన్‌ఏ. చుట్టరికం లేనట్టే కనిపిస్తాయి. కానీ రెండూ తమ నకళ్ళు తీసుకోవడానికి ఒకే రకం యంత్రం వాడతాయి. రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ అనే ఎంజైమ్ అది, ఆర్‌ఎన్‌ఏని చూసి డీఎన్‌ఏ రాస్తుంది. ఆ యంత్రం నడుమ నాలుగు అమైనో ఆమ్లాల వరస ఒకటుంది: టైరోసిన్, మెథియోనిన్, ఆస్పార్టేట్, మళ్ళీ ఆస్పార్టేట్. రెండు వైరస్‌లలోనూ అదే వరస. లామివుడిన్ వచ్చి అడ్డుపడేది అక్కడే. వైరస్ మొండికేసి మందుకి లొంగకుండా పోయేదీ అక్కడే. మెథియోనిన్ తీసేసి ఆ చోట వాలిన్ పెట్టుకుంటుంది. హెచ్‌ఐవిలో ఆ స్థానం 184, హెపటైటిస్ బిలో 204. నెంబరు మారింది, ఎత్తు మారలేదు. కెమిస్ట్‌నైన నాకు ఈ సంగతి చదివిన రోజు భోజనం సహించలేదంటే నమ్మండి. ఇరవై ఏళ్ళు సంతకాలు పెట్టిన పొడి గురించి నాకు తెలియని సగం అది.

ఈ పోలిక వల్ల మేలు ఎంత జరిగిందో పొరపాట్లూ అంత జరిగాయి. అమెరికాలో లామివుడిన్‌కి 1995లో హెచ్‌ఐవి కోసం అనుమతి వచ్చింది, 1998లో హెపటైటిస్ బి కోసం. మొదటిదానికి రోజుకి 300 మిల్లీగ్రాములు, రెండోదానికి 100. ఇప్పుడు ఆలోచించండి. కాలేయం జబ్బని ఒకతను వస్తాడు, హెచ్‌ఐవి పరీక్ష చేయకుండానే వంద మిల్లీగ్రాముల గోలీ రాసిస్తారు. అతనిలో హెచ్‌ఐవి కూడా ఉంటే? ఒంటరి మందు, అదీ మూడో వంతు మోతాదు. హెచ్‌ఐవికి తప్పించుకోవడం నేర్పే బడి పెట్టినట్టే. ఎంటెకావిర్ కథ ఇంకా విచిత్రం. అది హెపటైటిస్ బి మందు, హెచ్‌ఐవి జోలికి పోదని అందరూ నమ్మారు. రెంటికీ మధ్య గోడ ఉందనుకుని రెండు జబ్బులున్నవాళ్ళకి నిశ్చింతగా ఇచ్చారు. 2007లో అమెరికా పరిశోధకులు చూపించారు: అది హెచ్‌ఐవిని కొంత తగ్గిస్తుంది, తగ్గిస్తూ తగ్గిస్తూ అదే 184వ స్థానంలో మార్పు తెచ్చిపెడుతుంది. అందుకే హెపటైటిస్ బికి మందు మొదలుపెట్టే ముందు హెచ్‌ఐవి పరీక్ష, హెచ్‌ఐవికి మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బి పరీక్ష అనే నియమం వచ్చింది.

రెండోవైపు పొరపాటు మన దగ్గరే జరిగింది. దాన్ని పొరపాటనాలో పేదరికమనాలో నాకింకా తేలలేదు. మన దేశంలో 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఉచితంగా హెచ్‌ఐవి మందులివ్వడం మొదలుపెట్టింది. ఆ రోజుల్లో ఇచ్చిన కలయిక స్టావుడిన్ లేదా జిడోవుడిన్, దానితో లామివుడిన్, నెవిరపిన్. హెచ్‌ఐవికి మూడు మందులు. హెపటైటిస్ బికి మాత్రం ఆ మూడింట్లో పనిచేసేది ఒక్క లామివుడినే. అంటే రెండు జబ్బులున్న మనిషి ఒకదానితో మూడు ఆయుధాలతో పోరాడుతూ రెండోదానితో ఒక్క కర్ర పట్టుకుని నిలబడ్డాడు. ఒంటరి లామివుడిన్‌తో నాలుగేళ్ళు గడిచేసరికి, రెండు వైరస్‌లూ ఉన్నవాళ్ళలో నూటికి తొంభై మందిలో హెపటైటిస్ బి దాన్ని దాటేసిందని లెక్కలు చెప్పాయి.

టెనోఫోవిర్ వచ్చాక కథ మారింది. ప్రాగ్‌లో ఆంటోనిన్ హోలీ అనే రసాయన శాస్త్రవేత్త తయారుచేసిన అణువుల కుటుంబం అది. అమెరికాలో 2001లో హెచ్‌ఐవికి, 2008లో హెపటైటిస్ బికి అనుమతి వచ్చింది. హెపటైటిస్ బి దాన్ని తప్పించుకోవడం చాలా అరుదు. మన దేశంలో దాని పేటెంట్ కోసం గిలియడ్ కంపెనీ పెట్టుకున్న దరఖాస్తుకి ఇక్కడి కంపెనీలూ, హెచ్‌ఐవితో బతుకుతున్నవాళ్ళ సంఘాలూ అభ్యంతరాలు పెట్టాయి. 2009లో పేటెంట్ కార్యాలయం తోసిపుచ్చింది. ఇక మన ప్రాంతపు రియాక్టర్లకి పని పడింది. బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పని నేర్చినవాళ్ళ నుంచి పుట్టిన ఈ బల్క్ డ్రగ్ పరిశ్రమ అప్పటికే బొల్లారం నుంచి బొంతపల్లి దాకా, గడ్డపోతారం దాకా పరుచుకుని ఉంది. 2017 సెప్టెంబరులో ఒక ఒప్పందం జరిగింది. టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు కలిసిన ఒక్క గోలీ, మనిషికి ఏడాదికి సుమారు 75 డాలర్లకి, 92 దేశాలకి. ఇస్తామని ముందుకొచ్చిన రెండు కంపెనీలు మైలాన్, అరబిందో. అప్పట్లో రెంటికీ మన సంగారెడ్డి జిల్లాలో యూనిట్లుండేవి. పదహారేళ్ళ ముందు, 2001లో, సిప్లా కంపెనీ హెచ్‌ఐవి మందులు ఏడాదికి 350 డాలర్లంటేనే లోకం నోరెళ్ళబెట్టింది. అప్పటి పెద్ద కంపెనీల ధర పదివేల డాలర్లు.

ఇదే ప్రాంతం గురించి ఇంకో నిజం కూడా ఉంది. కలుషితమైన నక్కవాగు నీళ్ళు, పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిలో 2007లో స్వీడన్ పరిశోధకులు కనుగొన్న యాంటీబయాటిక్ మోతాదులు. ఆఫ్రికాలో ప్రాణాలు నిలిపిన మందులు తయారైన చోటే పక్క ఊళ్ళ చెరువులు చచ్చిపోయాయి. దాని గురించి వేరే రోజు మాట్లాడుకుందాం. ఈరోజుకి గోలీ దగ్గరే ఉందాం.

ఆ గోలీ ఏం చేయలేదో కూడా చెప్పాలి. అది నకళ్ళు తీయడాన్ని ఆపుతుంది. మూలప్రతిని తాకదు. హెచ్‌ఐవి మూలప్రతి మన తెల్లకణాల సొంత డీఎన్‌ఏలో కలిసిపోయి ఉంటుంది, పునాదిలో వేసేసిన రాయిలాగా. ఆ కణం నిద్రలో ఉన్నంతకాలం మందుకీ కనపడదు, మన రోగనిరోధక శక్తికీ కనపడదు. హెపటైటిస్ బి మూలప్రతి కాలేయ కణం కేంద్రకంలో గాజులాగా మూసుకున్న డీఎన్‌ఏ వలయం. రక్తపరీక్షలో వైరస్ కనపడటం లేదని రిపోర్ట్ వచ్చినా ఆ గాజు అక్కడే ఉంటుంది. దాని పనిగా వైరస్ పైతొడుగు ప్రొటీన్ రక్తంలోకి వస్తూనే ఉంటుంది. మన ఫైళ్ళలో హెచ్‌బీఎస్ యాంటిజెన్ అని రాసేది ఆ ప్రొటీన్‌నే. ఏళ్ళ తరబడి దాన్ని చూసి చూసి, దాన్ని ఎదిరించాల్సిన కణాలు అలసిపోతాయి. చౌరస్తాలో రోజంతా హారన్ విన్న ట్రాఫిక్ కానిస్టేబుల్‌కి ఇక హారన్ వినపడనట్టు.

ఇప్పుడు పరిశోధకులు తవ్వుతున్న చోటు ఇదే: ఈ రెండు దాక్కోవడాలూ ఒకదానికొకటి సాయం చేసుకుంటున్నాయా?

దీనికి పేగు నుంచి మొదలుపెట్టాలి. హెచ్‌ఐవి సోకిన తొలి వారాల్లోనే పేగు గోడల్లోని సీడీ4 అనే తెల్లకణాలు పెద్ద ఎత్తున నశిస్తాయి. గోడకి సన్నటి చిల్లులు పడతాయి. పేగులోని బాక్టీరియా ముక్కలు రక్తంలోకి ఊరతాయి. మందు వేసుకున్నా ఆ చిల్లులు పూర్తిగా పూడవు. పేగు నుంచి వచ్చే రక్తం నేరుగా పోయేది కాలేయానికి. అది మన ఒంటి జల్లెడ. మామూలు కాలేయం ఆ చెత్తని వడగట్టేస్తుంది. అక్కడ ఇంకో వైరస్ ముందే కాపురం పెట్టి ఉంటే? అప్పటికే రగులుతున్న కుంపటి మీద రోజూ చారెడు పొట్టు పోసినట్టు. మంట పైకి లేవదు, ఆరిపోనూ ఆరిపోదు. డాక్టర్లు దీన్నే ఇన్‌ఫ్లమేషన్ అంటారు. ఏళ్ళ మీద కాలేయం గట్టిపడిపోతుంది.

ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్‌లో షారన్ లూయిన్ బృందం, బ్యాంకాక్ డాక్టర్లతో కలిసి, రెండు వైరస్‌లూ ఉన్నవాళ్ళని ఏళ్ళ తరబడి గమనిస్తోంది. కాలేయం దెబ్బతినడానికీ, పేగు నుంచి ఊరిన చెత్త గుర్తులకీ, సీఎక్స్‌సీఎల్10 అనే రసాయనానికీ సంబంధం ఉందని వాళ్ళు చూపించారు. ఆ పేరు పలకడం కష్టం. పిలుపు రసాయనం అనుకుందాం. ఎక్కడ గొడవ జరిగితే అక్కడి కణాలు దాన్ని వదిలి తెల్లకణాలని పిలుస్తాయి. అదే బృందం అంతకుముందే ప్రయోగశాలలో చూసిన సంగతి ఒకటుంది. మామూలుగా నిద్రలో ఉన్న సీడీ4 కణంలోకి హెచ్‌ఐవి అంత తేలిగ్గా దూరలేదు. ఇలాంటి పిలుపు రసాయనాలు తగిలిస్తే, కణం నిద్ర లేవకుండానే, వైరస్ లోపలికి పోయి చప్పుడు చేయకుండా కూర్చుంది. ఆ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూడండి. హెపటైటిస్ బి వల్ల కాలేయంలో పిలుపు రసాయనం పెరిగితే, పిలుపు విని వచ్చిన కణాల్లో హెచ్‌ఐవికి దాక్కునే చోట్లు పెరుగుతాయా? మందు వేసుకుంటున్నవాళ్ళ కణాల్లో హెచ్‌ఐవి డీఎన్‌ఏ ఎంతుందో కొలిచి, హెపటైటిస్ బి ఉన్నవాళ్ళనీ లేనివాళ్ళనీ పోల్చడం ఇందుకే. ప్రయోగశాలలో దారి కనిపించింది. మనుషుల్లో ఆ దారిన ఎంత రాకపోకలున్నాయో కొలత ఇంకా సాగుతోంది. దీన్ని తేలినట్టు చెప్పేవాళ్ళని నేనైతే నమ్మను.

తేలిన సంగతులు మాత్రం గట్టివి. పెద్దవాళ్ళకి హెపటైటిస్ బి సోకితే నూటికి తొంభై ఐదు మంది తమంతట తామే వదిలించుకుంటారు. హెచ్‌ఐవి ఉన్నవాళ్ళకి అది ఒంట్లో నిలిచిపోయే అవకాశం ఎన్నో రెట్లు ఎక్కువ. 2002లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అమెరికా లెక్క చెబుతాను. ఏడాదికి వెయ్యి మందిలో కాలేయం జబ్బుతో చనిపోయినవాళ్ళు: హెపటైటిస్ బి మాత్రమే ఉన్నవాళ్ళలో ఒకరి కంటే తక్కువ, 0.8. హెచ్‌ఐవి మాత్రమే ఉన్నవాళ్ళలో 1.7. రెండూ ఉన్నవాళ్ళలో 14.2. ఇది కూడిక లెక్క కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం రెండూ ఉన్నవాళ్ళు లోకంలో 27 లక్షల మంది. మన దేశంలో 2022 నాటికి హెపటైటిస్ బి ఉన్నవాళ్ళు దాదాపు 3 కోట్లు. హెచ్‌ఐవి ఉన్నవాళ్ళు 25 లక్షలకు పైగా.

మరో చిత్రం కూడా ఉంది, దీన్ని చెప్పకపోతే అన్యాయం. రెండూ ఉన్నవాళ్ళలో కొందరికి మందు మొదలుపెట్టి సీడీ4 కణాలు పుంజుకోగానే, ఆ కొత్త బలంతో ఒళ్ళు హెపటైటిస్ బి మీద విరుచుకుపడి, పైతొడుగు ప్రొటీన్ రక్తంలో లేకుండా తుడిచేస్తుంది. ఒక్క హెపటైటిస్ బి మాత్రమే ఉన్నవాళ్ళలో ఇది చాలా అరుదు. ఈ కొద్దిమందిలో ఏం జరిగిందో తెలుసుకుంటే అందరికీ మందు దొరుకుతుందని పరిశోధకుల ఆశ.

టీకా సంగతి ఒక్క మాట. హెపటైటిస్ బికి టీకా ఉంది, హెచ్‌ఐవికి లేదు. మన దేశంలో జన్యుసాంకేతికంతో తయారైన మొదటి హెపటైటిస్ బి టీకా, షాన్‌వాక్, 1997 ఆగస్టులో హైదరాబాదు నుంచే వచ్చింది, శాంతా బయోటెక్నిక్స్ నుంచి. దాన్ని స్థాపించిన వరప్రసాద్ రెడ్డి గారు ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. వందల రూపాయలున్న డోసు యాభై రూపాయలకి దిగింది. ఇప్పుడు పుట్టిన 24 గంటల్లో పిల్లలకి వేసే టీకాల్లో హెపటైటిస్ బి టీకా ఒకటి. మా డ్రైవర్ ఇంట్లో కూడా భార్యకీ పిల్లలకీ పరీక్ష చేయించి, మూడు డోసులూ వేయించారు. ఆరో నెల డోసు మర్చిపోకుండా హోటల్ గోడ మీది క్యాలెండర్లో సున్నా చుట్టుకున్నాడు. ఆ సున్నా ఎందుకని హోటలాయన అడిగితే ఫైనాన్స్ కిస్తీ అని చెప్పాడట.

అబద్ధం ఎందుకు చెప్పాడో ఈ ప్రాంతంలో పనిచేసేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. హెచ్‌ఐవి ఉందని ఉద్యోగంలోంచి తీసేయకూడదని 2017లో చట్టం వచ్చింది, 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. కాంట్రాక్టర్ కింద రోజుకూలీకి పనిచేసేవాడు ఆ చట్టం కాగితం ఎవరికి చూపించాలి? ఊళ్ళో గోలీలు అడగలేక రెండు నెలలు ఊరుకోవడం వెనక ఉన్నదీ ఈ భయమే.

పోయిన నెల మళ్ళీ కలిశాడు. ఈసారి ఫోన్లో ఏదో వార్త చూపించాడు. రోజూ గోలీ వేసుకునే పనిలేకుండా ఇంజెక్షన్లు వస్తున్నాయట. నిజమే. రెండు నెలలకొకసారి వేసే కాబోటెగ్రావిర్, రిల్పివిరిన్ జంట ఉంది. హెచ్‌ఐవి సోకకుండా ఆరు నెలలకొకసారి వేసే లెనకపవిర్ ఉంది. దాన్ని 2027 నుంచి ఏడాదికి 40 డాలర్లకి ఇస్తామని 2025 సెప్టెంబరులో ముందుకొచ్చిన కంపెనీలు డాక్టర్ రెడ్డీస్, హెటిరో, రెండూ మన హైదరాబాదువే. గర్వంగానే ఉంది. కానీ వీటిలో ఏ ఒక్కటీ హెపటైటిస్ బిని ముట్టుకోదు. డోలుటెగ్రావిర్, లామివుడిన్ మాత్రమే ఉన్న రెండు మందుల గోలీ ఉంది, దానిలో టెనోఫోవిర్ లేదు. హెపటైటిస్ బికి మళ్ళీ ఆ ఒంటి కర్ర కథే.

"గా సూది నాకు ఇస్తరా సార్? గోలీల డబ్బ దాసుకునుడు తప్పుతది."

"నీ రెండో రిపోర్ట్ ఏదీ?"

ఫోన్లో ఫొటో తీసి పెట్టుకున్నాడు. వేలితో పెద్దది చేసి చూపించాడు. హెచ్‌బీఎస్ యాంటిజెన్, రియాక్టివ్.

"డాక్టర్ ఏది మార్చమన్నా ముందు ఇది చూపియ్యి. ఇది చూడకుండ ఎవ్వరు మార్చమన్నా మార్చకు."

కాసేపు ఫోన్ కేసే చూశాడు. జేబులోంచి తెల్ల డబ్బా తీసి మూత తిప్పి, లోపల లెక్కపెట్టుకున్నాడు. పన్నెండున్నాయి. "శుక్రవారం పోయి తెచ్చుకుంట" అన్నాడు. "ఊరికి పోయేదుంది. ఈసారి మూడు నెల్లయి అడుగుత."